రేణుక టీచర్ కాల్చిన పుల్లలు

మా వాడలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూనే ఉంది. రేణుక టీచర్ పిల్లల బుగ్గలు గీకి, ఆ పుల్లలు కాల్చి బాణామతి చేసిందట. అందుకే భూమేశ్ బిడ్డ శ్వేత ఒంట్లో రక్తం ఇంకిపోయిందట. అది పచ్చి అబద్ధం. ఆ పుల్లల్లో మొదటిది పెట్టింది నా బుగ్గలోనే. మర్నాడు పొద్దున నేను లేచి జొన్నరొట్టెలు తిన్నాను.

రేణుకది సిరిసిల్ల. తండ్రి మరమగ్గాల మీద పనిచేసి చదివించాడు. ఇక్కడ కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది, మా ముందు గదిలో కిరాయికి ఉంటుంది. మాట మెత్తన, గొంతు పెంచి ఎరగదు. ఒక ఆదివారం బడి నుంచి మైక్రోస్కోపు తెచ్చి వరండాలో పెట్టి, వాడ పిల్లల్ని పిలిచింది. పిల్లలకంటే ముందు వెళ్లి కూర్చున్నది నేనే. ఏముందో చూడకపోతే నాకు అన్నం సహించదు మరి.

ముందు ఉల్లిగడ్డ పొర చూపించింది. ఇటుకలు పేర్చినట్టు వరసలు వరసలు. ఒక్కో ఇటుక ఒక్కో కణమట.

"చెట్ల కణాలకు సుట్టూ గట్టి గోడ ఉంటది అవ్వా. అందుకే గట్ల నిలవడ్డయ్."

తర్వాత నా బుగ్గ లోపల పుల్లతో మెల్లగా రాసి, గాజుపలక మీద పూసి, నీలం మందు చుక్క వేసింది. చూద్దును కదా, విరిగిన అప్పడం ముక్కల్లా ఎటుపడితే అటు పడి ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక నీలం చుక్క.

"గా సుక్క ఏంది బిడ్డా?"

"కేంద్రకం. కణం ఏం పని జెయ్యాల్నో గదే చెప్తది."

"ఈ ఇంటికి నా లెక్కనన్నట్టు. మరి మనకు గోడేది?"

"మనకు గోడ లేదవ్వా, సన్నటి పొర ఒక్కటే. ఏది లోపటికి రావాలె, ఏది బయటికి పోవాలె, గా పొరే సూసుకుంటది."

శ్వేత కూడా నవ్వుతూ నోరు తెరిచింది. అన్నీ అయ్యాక, ఒకరి నోట్లో పెట్టిన పుల్ల ఇంకొకరు తాకకూడదని, రేణుక పుల్లలన్నీ పోగేసి ఉల్లిపొట్టుతో సహా ప్రహరీ మూలన కాల్చింది. అప్పుడు సందెవేళ. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. వాళ్ల చూపు నాకు నచ్చలేదు.

ఆ వారంలోనే శ్వేతకు జ్వరం వచ్చింది. తల్లి జగిత్యాల తీసుకుపోయి ఆస్పత్రిలో చేర్చింది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని డాక్టర్ చెప్పాడట. ఆ మాట మా వాడకు చేరేసరికి, పిల్ల రక్తాన్ని ఎవరో పీలుస్తున్నారని అయింది.

ఆ సాయంత్రం భూమేశ్ మనుషుల్ని వెంటేసుకుని వచ్చి రేణుక గది తలుపు బాదాడు.

"దర్వాజ తియ్! నా బిడ్డను ఏం జేసినవ్?"

ఇలాంటి అనుమానం పుడితే మనుషులు ఏం చేస్తారో నేను విని ఉన్నాను. ఇంతలో లోపలి గొళ్లెం ఊడి కిందపడి తలుపు తెరుచుకుంది. రేణుక మైక్రోస్కోపును పొట్టకు అదుముకుని, గోడకు అంటుకుపోయి ఉంది.

నేను ఇద్దరి నడుమా దూరాను. "భూమేశూ! ముందుగాల నా బుగ్గల వెట్టింది పుల్ల. నేను సచ్చిన్నా?"

"నీ ముసలి రక్తం ఎవలికి గావాలె చిన్నమ్మా?" అన్నాడు వెనకనున్న రాజనర్సు. ఎవరూ నవ్వలేదు.

రేణుక గోడను వదలకుండానే అంది: "అన్నా, నేను తీసింది బుగ్గల రాలిపోయేటి కణాలు. అన్నం తిన్నా గవి రాల్తయ్. నేను రక్తం తియ్యలే. డెంగీ జరమైతే ప్లేట్‌లెట్లు గట్లనే పడ్తయ్. పరీక్షల ఏమచ్చిందో అడుగు."

భూమేశ్ చెయ్యి పైకి లేచే ఉంది.

"నీ పెండ్లానికి ఫోన్ జెయ్. నా ముంగటనే," అన్నాను.

చేశాడు. అవతలి గొంతు మా అందరికీ వినపడింది. "డెంగీ అని అచ్చింది. నువ్వెక్కడ వోయినవయ్యా? పిల్ల నాయిన నాయిన అని కలవరిస్తాంది. జల్ది రా!"

భూమేశ్ చెయ్యి దిగింది. తప్పయిందని అనలేదు. ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

శ్వేత కోలుకుంటోందని కబురొచ్చింది. బాణామతి మాట మాత్రం పోలేదు. నీళ్ల కాడికి రేణుక వస్తే ఆడవాళ్లు పిల్లల్ని కొంగు చాటుకు లాక్కుంటున్నారు. గొళ్లెం వెయ్యడానికి వడ్రంగి పనిచేసే వడ్లాయన రేపు మాపు అంటున్నాడు. చీకటి పడగానే ఆమె తలుపుకు అడ్డంగా కుర్చీ ఈడ్చిన చప్పుడు నాకు వినిపిస్తుంది. ఇవాళ పొద్దున సిరిసిల్ల నుంచి తండ్రి వచ్చి, నడువు బిడ్డా ఇంటికి, అని సంచి సర్దించాడు.

నేను గడపలో కూర్చుని నేరుగా అడిగాను. "నిజం చెప్పు బిడ్డా. ఉంటవా, పోతవా?"

ఆమె తండ్రి వైపు చూసింది. ఊడిన గొళ్లెం తాలూకు బెజ్జాల వైపు చూసింది.

"ఉంట అవ్వా. గని గా వడ్లాయనను ఇయ్యాల్నే పిలువు. గొళ్లెం గట్టిది వెట్టుమను."