వేణన్న ఎత్తని చెయ్యి

మా దుకాణంలో పెళ్ళి పట్టుచీరలు చూపించేది వేణుమాధవ్. వయసు నలభై ఏడు. గుబురు మీసం, నెత్తిన పలచబడ్డ జుట్టు. ఆ మనిషి నడుముకు నాడా బిగించి, కుచ్చిళ్ళు దోపి, కుడి చెయ్యి పైకెత్తి కొంగును ఒక్క విసురుతో ఎడమ భుజం మీదికి వేసుకున్నాడంటే, ఎదురుగా తెల్ల గద్దె మీద కూర్చున్న ఆడవాళ్ళకు ఆ మీసం ఇక కనిపించదు. పెళ్ళికూతురే కనిపిస్తుంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చీరలు అమ్మేవాళ్ళు వందలమంది ఉన్నారు. చీరను ఒంటి మీద వేసుకుని అలా నిలబడగలిగినవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను.

నేను కల్పలతను. మెట్ల పక్కన బిల్లు కౌంటర్లో పదమూడేళ్ళుగా కూర్చుంటున్నాను. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. దుకాణం యజమాని బాబూరావు సేటునైనా ఒక మాట అనకుండా వదలను. ఆ నోటికి భయపడో, పాతదాన్నన్న గౌరవంతోనో, పోయిన ఏడాది సేటు నా కౌంటర్‌కు ప్రత్యేకంగా టేబుల్ ఫ్యాన్ పెట్టించాడు. మిగతావాళ్ళ దగ్గర నేను దాని గురించి గొప్పలు పోయాను కూడా. అలాంటి నేను వేణన్న విషయంలో ఒక మాట రెండేళ్ళు నోట్లోనే పెట్టుకుని తిరిగాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఏ.ఎస్. రావు నగర్ నుంచి వసుధ అనే ఆమె వచ్చింది. వారం కింద కొన్న ముదురాకుపచ్చ పట్టుచీరను నా కౌంటర్ మీద పరిచి, గొంతు తగ్గించింది.

"మేడమ్, జెర ఇక్కడ వాసన చూడండి. డబ్బా తీయంగనే మా అత్తమ్మ ముక్కు మూసుకుంది."

ఆమె వేలు పెట్టిన చోట ముక్కు పెట్టాను. చీర కట్టినప్పుడు కుడి చంక కింది నుంచి ఛాతీ మీదికి తిరిగే భాగం అది. ముందు కొత్త పట్టు వాసన తగిలింది. దాని కింద నుంచి ఇంకొకటి వచ్చింది, పులిసిన చెమట. ఎవరిదో నాకు ఆ క్షణమే తెలిసింది. నిజం చెప్పాలంటే రెండేళ్ళుగా తెలుసు.

సేటు మారుమాట లేకుండా చీర మార్చి ఇచ్చాడు. ఆమె వెళ్ళాక పై అంతస్తు పట్టు సెక్షన్‌లోని ముగ్గురినీ, వేణన్ననూ యేసుదాసునూ నవాజ్‌నూ, కిందికి పిలిచాడు. ఆ చీరను హ్యాంగర్‌కు తగిలించి, మెట్ల మొదట్లో గోడకు వేలాడదీశాడు.

"ఇది ఈడనే ఉంటది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ముక్కు పెట్టి చూడుర్రి. ఇంకొక్కటి గిట్ల వాపస్ వచ్చిందనుకో, దాన్ని ఒంటి మీద వేసినోడు గోడౌన్‌కు పోతడు. మళ్ళ పైకి రాడు."

గోడౌన్ అంటే మా సెల్లార్. కిటికీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్యూబ్‌లైట్ కింద చీరలకు చీటీలు అంటించాలి. అక్కడికి దిగినవాడు తిరిగి గద్దె ఎక్కడం నేను చూడలేదు.

మర్నాడు నేను వచ్చేసరికి వేణన్న ఒక్కడే ఆ చీర ముందు నిలబడి ఉన్నాడు. చీరను వాసన చూశాడు. తన చొక్కా చంకను వాసన చూశాడు. మళ్ళీ చీర, మళ్ళీ చొక్కా. ఎవరి ఒంటి వాసన వాళ్ళకు తెలియదు కదా! ఆయనకు ఏమీ అంతుచిక్కలేదని మొహంలోనే తెలుస్తోంది. నన్ను చూసి తడబడ్డాడు.

"లతా, నా దగ్గర ఏమన్న వస్తున్నదా?"

అదీ సమయం. చెప్పేయవలసింది. కానీ నాకంటే పెద్దవాడు, చెల్లె అని పిలిచే మనిషి. ఆ కళ్ళలోకి చూస్తూ నీ దగ్గర కంపు కొడుతోందని ఎలా అనను? నాకు భయం వేసింది.

"ఏసీ సక్కగ లేదన్నా. అందరి దగ్గర వస్తది" అన్నాను.

యేసుదాసును అడిగితే "ఛ, నీది కాదన్నా" అన్నాడు. నవాజ్ "మీరు ఊకె పరేషాన్ అయితున్నరు భాయ్" అన్నాడు. మెట్టుగూడలో ఇంటికి వెళ్ళి భార్య హిమజను అడిగితే, ఆమె గిన్నెలు తోముతూ తల ఎత్తకుండానే "చెమట రానోళ్ళు ఎవరుంటరు?" అందట. అందరూ లేదంటున్నారు. ఒక్కరూ ఆయన మొహం చూసి అనడం లేదు. అది గమనించాక భయం ఆయన్ని పూర్తిగా పట్టుకుంది.

ఎదుటి ఆడమనిషి ముక్కు తుడుచుకున్నా తన వల్లే అనుకునేవాడు. బస్సులో పక్కవాడు సీటు మారితే, తన స్టాప్ రాకముందే దిగి నడిచేవాడు. ఉల్లి, వెల్లుల్లి మానేశాడు. రోజుకు మూడుసార్లు స్నానం చేసి, నిమ్మచెక్కతో చంకలు రుద్దుకుని పుండు చేసుకున్నాడు. ఆ తర్వాత స్ప్రేలు షురూ అయ్యాయి. అంగట్లో మూతలు తీసి చూసి, ఏది ఎక్కువ ఘాటుగా ఉంటే అది తెచ్చేవాడు. మధ్యాహ్నం చెమట పట్టిన చొక్కా మీదే చంకలో బుస్సుమని కొట్టుకునేవాడు. చెమట మీద సెంటు కొడితే చెమట పోతుందా? రెండూ కలిసి మూడో వాసన పుట్టింది. గద్దె మీద కూర్చున్నవాళ్ళు తుమ్మడం మొదలుపెట్టారు. ప్రతి తుమ్ముకూ వేణన్న ఉలిక్కిపడేవాడు.

అన్నిటికంటే ఘోరం, చెయ్యి ఎత్తడం మానేశాడు. చంకలో థర్మామీటర్ పెట్టుకున్న పిల్లాడిలా మోచెయ్యి పక్కటెముకలకు అదిమి పెట్టుకుని, కొంగును మునివేళ్ళతో భుజం మీదికి నెట్టేవాడు. అది కాస్తా జారి కింద పడేది. "ఈయనకు చెయ్యి నొప్పా?" అని ఒకామె నవాజ్‌ను అడిగింది. చీరలు చూసినవాళ్ళు చూసినట్టే లేచిపోతున్నారు. సేటు కూడా చూస్తున్నాడు.

"వేణూ, ఆదివారం నేరేడ్‌మెట్ పెళ్ళోళ్ళు వస్తున్నరు. పదకొండు పట్టుచీరలు కావాలంట. నువ్వే చూపియ్యాలె. ఆ దినం సుత గిట్లనే నిలబడ్డవంటే, సోమవారం సీదా గోడౌన్‌కే పో" అన్నాడు.

గురువారం ఒక బిల్లు పట్టుకుని నేను పైకి వెళ్ళాను. వేణన్న బీరువాల వెనక గోడకు తిరిగి నిలబడి, రాణీ రంగు పట్టుచీరను జేబురుమాలుతో గబగబా రుద్దుతున్నాడు. స్ప్రే కొట్టుకుని, తడి ఆరకముందే చీర వేసుకున్నాడట. అరచేయంత మరక తెల్లటి అంచుతో చీరకు పట్టేసింది.

"నీళ్ళు పెడితే ఇంకా పెద్దగైంది లతా." "మడత లోపలికి పెడితే ఎవ్వరికి కనిపియ్యది గదా?"

ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉండి, ఒక్క పోగు తెగినా కొనేవాళ్ళకు వేలు పెట్టి చూపించిన మనిషి ఈయన. ఏ ఇంటి ఆడపిల్లకో ఈ మరక చీరను మడతపెట్టి అంటగట్టే దాకా వచ్చాడు. ఇంకో నాలుగు రోజులు నేను నోరు మూసుకుంటే ఈ భయం ఈయన్ని ఏం చేస్తుందో అనిపించింది.

"అన్నా, జెర కూసో" అన్నాను. ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. రెండు మెట్లు కింద నేను కూర్చున్నాను. "వాసన నీదే అన్నా."

ఆయన చేతిలోని జేబురుమాలును మడతపెట్టాడు.

"ఎప్పటి సంది?"

నేను మెట్ల గచ్చు వైపు చూశాను. "యూనిఫాం మారినప్పటి సంది."

రెండేళ్ళ కింద సేటు మా పాత నూలు బట్టలు తీసేసి, మెరుస్తుందని ముదురెరుపు సింథటిక్ బట్ట తెప్పించాడు. మగవాళ్ళకు చొక్కాలు, ఆడవాళ్ళకు చీరా జాకెట్టూ, మనిషికి రెండు జతలు. అది చెమటను పీల్చదు. పట్టిన వాసనను వదలదు.

"రెండేండ్లు" అన్నాడు వేణన్న. కోపం లేదు. "రెండేండ్ల సంది మీ అందరికి తెలుసు. ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద చెల్లె."

తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏడ్చాను.

మర్నాడు పొద్దున మెట్టుగూడలో రుఖియా ఆపా మందుల దుకాణానికి తీసుకెళ్ళాను. నాకు ముప్పై ఏళ్ళప్పుడు ఇదే తక్లీఫ్ వస్తే బాగుచేసింది ఆమే. ఆమె మొహమాటపడే రకం కాదు. వేణన్న చొక్కా చేతిని లాగి వాసన చూసి, "సగం మీది, సగం ఈ అంగీది. దీన్ని ఎన్నిసార్లు ఉతికినా ఇంతే" అంది. ఆయన సంచిలోంచి తీసిన స్ప్రే డబ్బాలను పక్కకు జరిపింది.

"ఇవి వాసనను కప్పుతయి, అంతే. మీకు చెమటనే తగ్గించేది కావాలె." చిన్న రోల్-ఆన్ సీసా తీసి, దాని మీద ఆ ముక్క ఎక్కడ రాసి ఉందో గోటితో చూపించింది. "వాసన లేనిది ఇస్తున్న, మీరు చీరల మధ్యల ఉంటరు గదా. ముందుగాల నిమ్మకాయ బంద్ చెయ్యుండ్రి. ఆ పుండు మానినంక షురూ చెయ్యుండ్రి. పండుకునే ముందు చంకలు కడిగి, మంచిగ తుడిచి, తడి ఆరినంక రాయాలె. పొద్దున చెమట మీద రాస్తే ఏం లాభం లేదు."

"ఆదివారమే పెళ్ళోళ్ళు వస్తున్నరు ఆపా."

"అప్పటిదాక నూలు బనీను, నూలు అంగీ. మధ్యాహ్నం కడుక్కొని బనీను మార్చుండ్రి. అది చాలు. సీసా రాసినంక రెండు మూడు వారాలకు సుత తగ్గకుంటే డాక్టర్‌కు చూపెట్టుండ్రి. గిది సిగ్గుపడే బీమారి కాదు."

ఆ రోజే వేణన్న మరక చీరను తీసుకెళ్ళి సేటు ముందు పరిచాడు. వాసన తనదేనని, మరక కూడా తనే చేశానని చెప్పాడు. సేటు చాలాసేపు ఆ మరకనే చూశాడు. "ఆదివారం కానియ్" అన్నాడు చివరికి. అది క్షమించడమో, గోడౌన్‌కు ముహూర్తం పెట్టడమో మా ఇద్దరికీ అర్థం కాలేదు.

ఆదివారం వేణన్న యూనిఫాం లేకుండా తెల్ల నూలు చొక్కాతో వచ్చాడు. అడగకుండా యూనిఫాం మానడం మా దుకాణంలో ఎవరూ చేయని పని. నేరుగా నా కౌంటర్ దగ్గరికి వచ్చి, కుడి భుజం ముందుకు చాపాడు.

"చూడు లతా."

సబ్బు వాసన, ఉతికిన నూలు వాసన తప్ప ఏమీ లేదు. "లేదన్నా."

"నిజంగనా?"

"ఇగ నీకు అబద్ధం చెప్పను."

పెళ్ళివాళ్ళు ఎనిమిది మంది వచ్చారు. వాళ్ళకు పెద్ద విజయమ్మ అనే ముసలావిడ. నేనూ ఏదో వంక పెట్టుకుని పైకి వెళ్ళాను. సేటు స్తంభం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెల్ల చొక్కాను చూశాడు, ఏమీ అనలేదు. వేణన్న మొదటి చీర కుచ్చిళ్ళు దోపాడు. చెయ్యి ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే విజయమ్మ గద్దె మీంచి లేచి, జరీ చూడాలని ఆయన చంక దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పైకి నెట్టి, మొహాన్ని చీరకు ఆనించినంత పని చేసింది. వేణన్న నుదుటి మీద చెమట చుక్కలు లేచాయి. నేను మెట్ల కమ్మీని పట్టుకున్నాను. పదకొండు చీరలు, ఇరవై రెండేళ్ళ బతుకు, అన్నీ ఆ ముసలావిడ ముక్కు ముందు ఉన్నాయి.

"ఈ అంచు చిన్నగున్నది బిడ్డా. పెద్దంచుది లేదా?" అంది విజయమ్మ.

అంతే. వేణన్న ఇంకో చీర అందుకున్నాడు. ఈసారి చెయ్యి పూర్తిగా లేచింది, కొంగు గాలిలో తిరిగి భుజం మీద పడింది. పెళ్ళికూతురు "అమ్మా, ఇదే" అని అరిచింది.

సాయంత్రం సేటు మెట్ల దగ్గరి హ్యాంగర్ తీసేశాడు. పట్టు సెక్షన్‌కు నూలు చొక్కాలు కుట్టించమని చెప్పి ఇంటికి వెళ్ళాడు. మిగతావాళ్ళ యూనిఫాం మాటెత్తలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున పైకి వెళ్ళే ముందు వేణన్న నా దగ్గర ఆగి భుజం చాపుతాడు. నేను లేదంటే వెళ్తాడు. రెండు మూడుసార్లు ఉందన్నాను. నొచ్చుకోకుండా వెళ్ళి బనీను మార్చుకొచ్చాడు. దుకాణంలో ఇదంతా చూసి నవ్వుతారు. ఆయనకు మాత్రం రాత్రి నిద్ర పడుతోందట.

నాలుగు నెలలు గడిచాక ఒక సోమవారం, నేను "లేదు, పో అన్నా" అన్నా కూడా ఆయన కదలకుండా నిలబడ్డాడు.

"లతా, మరి నీకు ఎవరు చెప్తున్నరు?"

"నాకేందన్నా!" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

అప్పట్లో రుఖియా ఆపా నాకు ఇచ్చిన సీసా అయిపోయాక నేను మళ్ళీ కొనలేదు. బాగైందిలే అనుకున్నాను. అదీ పదేళ్ళ నాటి మాట. ఒంటి మీద అదే ముదురెరుపు సింథటిక్ చీర, మూడో ఏడు నడుస్తున్న అదే జాకెట్టు. బిల్లు అందుకోగానే రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు గుర్తొచ్చారు. చాయ్ గ్లాసు కౌంటర్ చివర పెట్టి వెళ్ళిపోయే నవాజ్ గుర్తొచ్చాడు. పక్కన టేబుల్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, నా వైపు గాలిని వీధి వైపు నెడుతూ.

లేచి నిలబడి భుజం ముందుకు చాపాను. "చూడన్నా."

ఆయన వంగి చూశాడు. తల ఎత్తాడు. ఈసారి నా మొహంలోకే చూశాడు.

"ఉన్నది చెల్లె."

"ఎప్పటి సంది?"

వేణన్న మెట్ల గచ్చు వైపు చూశాడు.