గులాబీకి రెండో ఎక్కం

మా ఊరు కర్దనూర్ల నాలుగో తరగతి దాక చదివి, చదివింది యాదుంచుకున్నోణ్ణి నేనొక్కణ్ణే. పటాన్‌చెరు అడ్డమీద టాంగాకు రబ్బరు చక్రాలు ఏయించిన మొదటి మనిషిని గూడ నేనే, లింగం. నా గుర్రం గులాబీకి కొరడా దెబ్బ ఎట్లుంటదో తెల్వదు. నాలుకతోని ‘టొక్ టొక్’ అంటే నడుస్తది, ‘హో’ అంటే ఆగుతది. ఈ ఇలాకల పెండ్లాలు గూడ అంత మాట ఇనరు.

అరవై ఎనిమిదిల మా గుర్రపు కొట్టం వాసాలల్ల గోరింకలు గూడు కట్టినయ్. గడ్డి, గుడ్డపీలికలు, గులాబీ తోకెంట్రుకలు, నా బీడీకట్ట కాయిదం, ఏదీ వదల్లె.

మా ముందరింట్ల కిరాయికున్నది హైమావతి పంతులమ్మ. భర్త సత్తిబాబు కొత్త కార్ఖానల ఫిట్టరు, గోదావరి దిక్కోళ్లు. ఆమె రోజూ కొట్టం ముందల నా టాంగ ఎక్కి పటాన్‌చెరు బడికి పోయేది. పంతులమ్మను తోలే టాంగా అంటే అడ్డమీద ఆ ఇజ్జతే వేరు. ఇంకో టాంగావాడు సంగయ్య కుళ్లి సచ్చేటోడు.

ఒకనాడు ఆమె మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, ‘టొక్ టొక్’. గులాబీ కదిలింది. పంతులమ్మ లద్దెకుప్పల కూసున్నది.

“ఏవండీ లింగం గారూ, ఎక్కకుండానే తోలేశారేంటండీ?”

“నేను నోరే తెర్వలే అమ్మా!”

తలెత్తి సూస్తే మొగ గోరింక. మెడ సాపి మళ్లొక్కసారి ‘టొక్ టొక్’. అచ్చం నా నాలుకే.

గట్ల మూడుసార్లయింది. “వచ్చే సోమవారం బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నారండీ. ఆ రోజు కూడా ఇలాగే అయితే సంగయ్యని మాట్లాడుకుంటాను” అని ఆమె అప్పటిదాక మొగుని సైకిలెక్కింది.

సంగయ్యనా! నిచ్చెన ఏసి ఎక్కిన. గోరింకలు రెండూ నా బట్టతల మీద పడి పొడిసినయ్. కిందినుంచి నా పెండ్లాం బక్కమ్మ, “గూట్ల పిల్లలున్నయ్. ముట్టినవనుకో, నీ గట్క నువ్వే వండుకో!” అన్నది. దిగిన. అడ్డమీద మాత్రం జీవకారుణ్యం అని చెప్పుకున్న.

పిట్ట నోరు ఆపుడు నాతోని గాదు. అయితే గుర్రం చదువే మార్చాలె. పిట్టకు రానిది, నాకు పొల్లుపోకుండ వచ్చేది ఏంది? రెండో ఎక్కం. వారం రోజులు పిడికిట్ల ఉలవలు పట్టుకొని నేర్పిన. ఎక్కం చదివితే నడువాలె, ఆపితే ఆగాలె, ‘టొక్’ అంటే కదలొద్దు.

“గుర్రాన్ని బడికేస్తవా ఏందయ్యా?” అన్నది బక్కమ్మ.

“నీ తమ్మునికన్న దీనికే జల్దీ వస్తున్నది.”

సోమవారం పంతులమ్మ ఇస్త్రీ చీరల వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టింది. ‘టొక్ టొక్.’ గులాబీ చెవి కదిలింది. కాలు కదల్లె. పంతులమ్మ కూసున్నది, చీర సర్దుకున్నది.

“రెండొకట్ల రెండు” అన్న. టాంగ నడిసింది.

దారిపొడుగు చదువుడే. ఊరు దాటేసరికి ఎక్కం రెండుసార్లయింది. పటాన్‌చెరు అడ్డమీద సంగయ్య బీడీ తీసి నవ్విండు.

“ఏందిరో లింగం, పంతులమ్మ పాఠం అప్పజెప్పించుకుంటున్నదా? రాకపోతే గోడకుర్చీ ఏపిస్తదా?”

వాని ఏడు తరాలకు సరిపోయే తిట్టు నాలుక మీదికి వచ్చింది. వెనుక పంతులమ్మ, ముందల బడిల ఇన్‌స్పెక్టరు. నేనాగితే గులాబీ ఆగుతది.

“రెండేడుల పద్నాలుగు” అన్న, వాని మొఖంలకు సూసి, పండ్లు కొరుక్కుంట.