ఎడమ సగం నేసిన చెయ్యి

మా మేనత్త లచ్చవ్వ ముప్పై ఏళ్లు మగ్గం మీద కూర్చుంది. చేనేత సంఘం రిజిస్టరులో మాత్రం ఆమె పేరు ఎక్కడా లేదు. ఉన్నది మా మామ వెంకటరాజం పేరు. నేల మీద పరిచే పెద్ద జంపఖానా ఒక్కరు నేసేది కాదని మా నేతవాళ్ల కొత్తవాడలో ఎవరినడిగినా చెబుతారు. మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఎవరి సగం వాళ్లు నేస్తూ, ఇనుప పళ్ల పంజాతో పోగును గట్టిగా దిగగొట్టాలి. కుడి సగం మామది, ఎడమ సగం అత్తది. రిజిస్టరులో మగ్గానికి ఒక్క పేరే రాస్తారు, అది మగవాడిదే రాస్తారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభై ఆరులో అత్త కుడి చేతికి తిమ్మిరి మొదలైంది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు మొద్దుబారేవి. నిద్రలో మంటకు లేచి చెయ్యి విదిలించుకునేది. పంజా పట్టు జారిపోయేది. ఆ యేడే సంఘం అధ్యక్షుడు కైలాసం ఒక జంపఖానాను వెనక్కి పంపాడు. ఎడమ పక్క వదులుగా ఉందట. తాగి నేశావా అని పదిమంది ముందు మామను అడిగాడు. మామ కల్లు ముట్టని మనిషి. అయినా ఎడమ సగం నా భార్య నేసిందన్న మాట ఆయన నోట రాలేదు. తల దించుకుని, జంపఖానా భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు. భార్య పరువు కాపాడాననుకున్నాడు. నిజం చెప్పి ఉంటే ఒక్కరైనా ఆమె చేతివంక చూసేవారు.

అత్తా మామా నేతపని లెక్కే వేసుకున్నారు. బట్ట వదులైతే మగ్గం మీది నిలువు పోగులు, పడుగు, బిగిస్తారు, కాబట్టి చెయ్యి వదులైతే మణికట్టు బిగించాలి. మా వాడలో అందరిదీ ఇదే వైద్యం. మామ నూలుతాడు పేని, రోజూ పొద్దున్నే అత్త మణికట్టుకు ఎనిమిది చుట్లు బిగించి కట్టేవాడు. ప్రేమతోనే కట్టాడు. నేను కోప్పడితే అత్త నవ్వేది.

"తాడు లేకుంటే పంజా నిలుస్తలేదు బిడ్డా," అనేది.

నేను అప్పటికే హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సును. అయినా ఆమెను చెయ్యి పట్టి లాక్కెళ్లలేదు. ఆ కోపం నా మీద నాకు ఇంకా పోలేదు.

ఎనభై ఎనిమిదిలో మా దవాఖానకు స్కానింగు మిషన్ వచ్చింది. గర్భిణుల కోసం తెచ్చారు. మా డాక్టరు కిషన్ రావు గారికి మాత్రం దానితో మణికట్టు లోపలి నరం చూడాలని పట్టుదల. మణికట్టులో ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారి ఉంటుంది. అందులో నరం నలిగితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. నేతపని వాళ్లలో ఎంతమందికి ఈ జబ్బుందో తేలుస్తానని, ఆ మిషన్‌కు తగిలించే, మెడలోని గ్రంథిని చూసే చిన్న గొట్టం ఒకటి సంపాదించి, సంఘానికి కబురు పెట్టారు. కైలాసం రిజిస్టరు తీసి నలభై మందిని పంపాడు. నలభై మందీ మగవాళ్లే.

మగ్గం దిగితే మగవాళ్లు బీడీ ముట్టిస్తారు. ఆడవాళ్లు నూలు కండెలు చుడతారు, పిండి రుబ్బుతారు, బట్టలు పిండుతారు. ఆడవాళ్ల మణికట్టుకు తీరికే లేదన్న సంగతి ఎవరికీ తోచలేదు. నలభై మందిలో ఇద్దరికే జబ్బు తేలింది. వాళ్లతో వచ్చిన మామ నరం నిక్షేపంగా ఉంది. నేతవాళ్లలో ఈ జబ్బు తక్కువేనని డాక్టరు గారు కాగితం మీద రాసి, ఫైల్లో పెట్టమని నాకిచ్చారు. నేను పెట్టలేదు. మధ్యాహ్నం బస్సెక్కి కొత్తవాడ వెళ్లి, అత్తను బయలుదేరమన్నాను. సంఘం పిలవలేదు కదా అని మామ నసిగాడు. అత్త వెనక్కి వచ్చిన జంపఖానాను అటక మీంచి దించమంది.

మామ దాన్ని భుజాన వేసుకుని మాతో వచ్చాడు. అత్త దాన్ని డాక్టరు గారి బల్ల మీద పరిచింది.

"ఈ కుడి సగం నేసినాయన చెయ్యి పొద్దుగాల చూసిన్రు సారు. ఎడమ సగం నేసిన చెయ్యి ఇది. దీన్ని గూడ చూడున్రి."

ఆయన కుడి సగం మీద వేలితో నొక్కారు, గట్టిగా ఉంది. ఎడమ సగం మీద నొక్కితే వేలు మెత్తగా దిగబడింది. తర్వాత అత్త మణికట్టు తాడు విప్పించారు. దాని కింద చర్మం గాడి పడి ఉంది. ఎందుకు కట్టావని అడిగితే అత్త పడుగు లెక్క చెప్పింది.

"లోపలి దారి ముందే బిగిసిపోయిందమ్మా. నువ్వు పైనుంచి ఇంకింత బిగించినవు," అన్నారు.

తెర మీద నాకూ కనిపించింది. ఇరుకు దారి ముందర నరం ఉబ్బి ఉంది, లోపలికి పోగానే నలిగి పల్చబడింది. మామ తెర వైపు చూడలేదు. విప్పిన తాడును చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

అత్త బొటనవేలి కింద ఉండాల్సిన కండ లేదు, గుంట ఉంది. ఆపరేషన్ చేస్తే మంట పోతుంది కానీ పోయిన కండ రాదనీ, రెండేళ్ల కింద వచ్చి ఉంటే చెయ్యి దక్కేదనీ డాక్టరు గారు చెప్పారు. రెండేళ్ల కిందే కదా ఆ జంపఖానా వెనక్కి వచ్చింది. నాకు ఏడుపు రాలేదు, మంటెత్తింది. పొద్దుటి కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన రాసింది కొట్టేసి, ఆ నలభై ఇళ్లలోని ఆడవాళ్లను పిలవమన్నారు.

ఆపరేషన్ అయ్యాక అత్తకు కంటి నిండా నిద్ర వచ్చింది. పంజా మాత్రం మళ్లీ పట్టలేకపోయింది.

ఆడవాళ్ల పేర్లు రిజిస్టరులో లేవని కైలాసం కబురంపాడు. దాంతో నేనూ మామా ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాం. ఆనాడు సంఘం నుంచి తల దించుకుని వచ్చిన ఆ మనిషి ప్రతి గడప ముందూ తలెత్తి ఒకే మాట అడిగాడు.

"మీ ఇంట్ల ఎడమ సగం ఎవలు నేస్తాండ్లు?"

కైలాసం ఇంటి ముందూ అడిగాడు. కైలాసం భార్య విమలమ్మ బయటికి వచ్చి, కొంగు కింది నుంచి చెయ్యి తీసి చూపించింది. మణికట్టుకు నూలుతాడు కట్టి ఉంది.