కర్టెను అంచులో ఓడ

ఆన్‌లైన్ వేలంలో నాణెం కనబడితే అందరూ నాణేన్ని చూస్తారు. మా మరిది దాని కింద పరచిన బట్టను చూస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా దర్జీపని చేస్తున్న మనిషి. లోహానికి మెరుగు పెట్టవచ్చు, రంగు పూయవచ్చు, లేని పాతదనాన్ని పులమవచ్చు. బట్ట మాత్రం తన యజమాని గుట్టు దాచలేదని అతడి సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం ఊరికే పుట్టలేదు. ఒకసారి మూడు ఊళ్ళనుంచి ముగ్గురు మనుషులు మూడు అరుదైన నాణేలను అమ్మకానికి పెట్టారు. ఒకరి నాణేనికి మరొకరు పాట పెంచుకుంటూ పోతున్నారు. మా మరిది మూడు ఫొటోలనూ ఒకదాని తర్వాత ఒకటి చూపించి, ఫోను నా కళ్ళజోడుకు ఆనించినంత పని చేశాడు.

"వదినా, ఆ తువ్వాలు మూల చూడండి. గోధుమరంగు మచ్చ."

"ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలా ఉంది."

"మూడింట్లోనూ ఉంది. మూడు ఊళ్ళల్లో ముగ్గురి తువ్వాళ్ళనీ ఒకే ఇస్త్రీపెట్టె కాల్చిందంటారా?"

ముగ్గురూ ఒక్కడేనని, తన సరుకుకు తానే పాట పాడుకుంటున్నాడని ఆ మచ్చ పట్టిచ్చింది. పాత నాణేలవాళ్ళు ఫోనులో పెట్టుకున్న బృందంలో నాటినుంచి మా మరిదికి 'సూది' అనే పేరు స్థిరపడింది. సూది నకిలీ అన్నాడంటే ఆ నాణేన్ని ఇక ఎవరూ ముట్టరు.

సిద్ధాంతం ఒకసారి బోల్తా కొట్టిన మాట కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. చుట్టూ సన్నని చేతికుట్టు వేసిన రుమాలు మీద ఎవరో ఒక వెండి నాణేన్ని ఫొటో తీశారు. ఇంత ఓపికగా కుట్టిన రుమాలు వాడేవాడు అబద్ధమాడడని తీర్మానించి మా మరిది దాన్ని కొన్నాడు. వచ్చింది తగరం. "మరి రుమాలు సంగతేమిటయ్యా?" అని అడిగాను. "అది వాళ్ళావిడ కుట్టి ఉంటుంది లెండి," అన్నాడు, సిద్ధాంతానికి చిన్న ముడత కూడా పడనీయకుండా.

బట్ట అతడి శాఖ. ప్రకటనలోని రాత నా శాఖ. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పిల్లల సెలవు చీటీలు చదివిన అనుభవం ఇందుకు పనికొచ్చింది. నిజంగా జ్వరం వచ్చిన పిల్లవాడు "జ్వరం వచ్చింది" అని ఊరుకుంటాడు. రానివాడు థర్మామీటరు అంకె, డాక్టరు పేరు, మేనత్త కన్నీళ్ళు కూడా రాస్తాడు. నాణేల అమ్మకందారులూ అంతే.

మా మరిదికి కావలసింది ఒకే ఒక్క నాణెం. వెనకటి కాలంలో చలామణీలో ఉండి, తర్వాత రద్దయిన చిన్న రాగి నాణేల వరుసలోది. ఒకవైపు ఓడ బొమ్మ ఉంటుంది. ఒక ఏడాది టంకశాలలో అచ్చు అరిగిపోయి, కొన్నింటిమీద ఓడ పడింది, తెరచాప కట్టే కొయ్య పడింది, తెరచాప మాత్రం పడలేదు. ఆ తెరచాప లేనిది తప్ప వరుసంతా మా మరిది దగ్గర ఉంది. ఆ నాణేలకోసం తానే ఒక బట్ట సంచి కుట్టాడు: ఇరవై మూడు చిన్న జేబులు, ప్రతి జేబుకూ ఒక బొత్తాం. చివరి జేబు ఖాళీ.

"ఆ ఖాళీ జేబుకున్న మర్యాద ఈ ఇంట్లో నాకు లేదక్కా," అంటుంది మా తోడికోడలు. "నా జాకెట్టు నెలనుంచి ఒక చెయ్యి లేకుండా వేలాడుతోంది. దానికి మాత్రం వారంవారం ఇస్త్రీ!"

"చేతుల్లేని జాకెట్లు ఇప్పుడు ఫ్యాషన్," అంటాడు అతడు.

"ఒక్క చెయ్యే లేకుండా ఉండటం కూడా ఫ్యాషనేనా?"

మొన్న వేసవి మొదట్లో ఆ తెరచాప లేని ఓడ వేలానికి వచ్చింది. అమ్మకందారు తనకు తాను 'రాజవంశ నిధి' అని పేరు పెట్టుకున్నాడు. మా మరిది కొట్టు మూసీ మూయకుండానే మెడలో టేపుతో మా ఇంటికి వచ్చి ప్రకటన చదివి వినిపించాడు. అమ్మకందారు ముత్తాత సముద్రాలు దాటిన నావికుడట. తుఫానులో ఒక రాజుగారి ప్రాణం కాపాడాడట. రాజు తన మెడలోనుంచి తీసి ఈ నాణెం ఇచ్చాడట. ముత్తాత కళ్ళు మూసేటప్పుడు గుప్పిట్లో ఇదే ఉందట.

"మేనత్త కన్నీళ్ళు ఒక్కటే తక్కువ," అన్నాను.

"నాణెం కూడా అంతే వదినా. తెరచాప ఉండాల్సిన చోట గీతలు చూడండి. మామూలు ఓడ నాణెం కొని, ఆకురాయితో తెరచాప గీకేశాడు. నాణెం అడుగున ఏదో మెరూన్ రంగు గుడ్డ. గుడ్డ అంచులు కూడా కనపడకుండా ఫొటో కత్తిరించి పెట్టాడు, దొంగ."

అక్కడే కూర్చుని బృందంలో తీర్పు రాశాడు: "నకిలీ. ఆకురాయి గీతలు స్పష్టం. ఎవరూ పాడకండి." అంతవరకు పెరుగుతున్న పాట ఆ క్షణమే ఆగింది.

రాజవంశ నిధికి రోషం వచ్చింది. మరునాడు నాణేన్ని అన్ని వైపులనుంచీ తీసిన పది కొత్త ఫొటోలు పెట్టాడు. ఆ పూట మా మరిది మా ఇంటికి వచ్చిన తీరు వేరు. చెప్పులు విప్పడం మరిచిపోయాడు. టీ ఇస్తే కప్పు పట్టుకుని సాసరు తాగబోయాడు.

"ఏమైందయ్యా?"

"ఆరో ఫొటో చూడండి వదినా. బట్ట మూల మడత కనిపిస్తోంది. మడత చివర దారం ఇంటూ గుర్తులా రెండుసార్లు దాటింది."

"దాటితే?"

"అలా దాటించేది నేనొక్కణ్ణే. మా గురువు నేర్పాడు. ఆ కుట్టు నాది."

విషయం మెల్లగా బయటికి వచ్చింది. కర్టెను నిటారుగా వేలాడాలంటే కింది అంచు మూలల్లో కొంచెం బరువు పెట్టి కుట్టాలి. ఇప్పుడు ఇనప వాషర్లు పెడుతున్నాడు. కొట్టు పెట్టిన కొత్తలో వాషర్లకు బదులు, పాత సామాను కొట్లో రద్దయిన రాగి నాణేలను కిలోల లెక్కన తెచ్చి కుట్టేవాడు. అప్పటికి అతడికి నాణేల పిచ్చి లేదు. చేతికి వచ్చిన ఓడనల్లా చూడకుండా అంచులో మూసేసేవాడు.

"ఆ గీతలు ఆకురాయివి కావు వదినా. ఒకటి నిలువు, ఒకటి అడ్డం, సమానమైన ఎడంతో ఉన్నాయి. నాణేనికి చిలుము పట్టింది. తడికీ ఎండకీ ఆ చిలుము మీద బట్ట నేత అచ్చుపడింది. పడుగు, పేక లెక్కపెట్టాను. నేను బట్టను చదవలేకపోయాను, చూశారా! అది నాణెం కింద కాకుండా నాణెం మీద ఉండేసరికి."

మెరూన్ బట్ట అప్పట్లో ఒకే ఒక్క తాను కొన్నాడు. అది మొత్తం వీధి చివరి పళ్ళ డాక్టరు ఆసుపత్రి కిటికీలకే సరిపోయింది. అయినా ఆ రాజవంశ నిధి డాక్టరేననడానికి రుజువు కావాలి కదా. పన్ను నొప్పి అని చెప్పి మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ వాలు కుర్చీలో పడుకున్నాడు. తల తిప్పి చూస్తే కిటికీకి మూడు కర్టెన్లున్నాయి. రెండు బుద్ధిగా వేలాడుతున్నాయి. మూడోదాని మూల ఊడి, ఫ్యాను గాలికి పైకి ఎగురుతోంది.

"డాక్టరుగారూ, ఆ కర్టెను..." అనబోయాడు.

"నోరు పెద్దగా తెరవండి. ఆ కర్టెనా? వాషింగ్ మెషీన్లో వేస్తే అంచు చిరిగింది. ఎవరో పనిరాని దర్జీ కుట్టాడు. ఇంకా పెద్దగా తెరవండి."

ఆ పనిరాని దర్జీ నోటినిండా దూది ఉండటంవల్ల జవాబు చెప్పలేకపోయాడు. నొప్పి నాటకమేగాని పుచ్చు పన్ను నిజమేనని తేలింది. తీసేశారు.

బుగ్గ ఉబ్బించుకుని తిన్నగా మా ఇంటికి వచ్చాడు. వెనకే మా తోడికోడలు. వేలం ముగియడానికి ఒక్క రోజు మిగిలి ఉంది. సూది తీర్పు దెబ్బకు నాణెం దగ్గరికి ఎవరూ రావడంలేదు.

"ఇందులో ఆలోచించడానికేముంది అక్కా?" అంది ఆమె. "మాట్లాడకుండా కూర్చుంటే చాలు. ఎవరూ పాడరు. ఈయన రేపు ఒక్క పాట పాడితే నాణెం ఇంటికొస్తుంది. ఈయన నాణేన్నేగా ఈయన కొనుక్కునేది! ఆ జేబు నిండితే నా జాకెట్టుకి చెయ్యి కూడా వస్తుంది."

"డాక్టరు పచ్చి అబద్ధాలు రాశాడు కదా వదినా," అన్నాడు అతడు, దూది పక్కకు తోసుకుని. "ఆ ముత్తాత ఓడ ఎక్కలేదు. ఆ రాజు పుట్టనే లేదు."

"అతను రాసింది అబద్ధమే. దాన్ని అతను దిద్దుకుంటాడో లేదో అతని ఇష్టం. నువ్వు రాసిన ఒక్క ముక్క సంగతి చెప్పు. 'నకిలీ' అన్నావు. అది నిజమా?"

అతడు మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.

"దిద్దితే నాణెం నాకు దక్కదు వదినా. అందరూ మీద పడతారు."

"పడతారు."

"దిద్దకపోతే దక్కుతుంది."

"దక్కుతుంది. జేబులో పెట్టి బొత్తాం వేసుకో. ఆ తర్వాత ఎవరి నాణేన్నయినా 'ఇది దొంగ' అనడానికి నీకు నోరొస్తుందా?"

"ఇప్పుడే సగం రావట్లేదు," అన్నాడు బుగ్గ పట్టుకుని.

మా తోడికోడలు నావంక చూసి, అతడివంక చూసి, గట్టిగా నిట్టూర్చింది. "మీరు టీచరమ్మగా రిటైరయ్యారని ఎవరన్నారక్కా!" అంది. తర్వాత తానే లేచి అతడి ఫోను తెచ్చి ఇచ్చింది. "రాయండి. ఎటూ రాస్తారు. ఆలస్యమైతే ఆ ఫోను పట్టుకుని నన్ను నిద్రపోనివ్వరు."

అతడు రాసినదాన్ని నేను దిద్దలేదు. దిద్దవలసిన అవసరం కనపడలేదు. "మొన్న ఈ నాణెం నకిలీ అన్నాను. తప్పు నాది. దానిమీద ఉన్నవి ఆకురాయి గీతలు కావు, బట్ట నేత. ఇరవై రెండేళ్ళ కింద కర్టెనుకు బరువుగా ఉంటుందని అంచులో పెట్టి నేనే కుట్టాను. నాణెం అసలైనది. కథ సంగతి నాకు తెలియదు."

మరునాడు సాయంత్రం అందరం ఫోను చుట్టూ కూర్చున్నాం. పాట పెరిగింది. మా మరిది తన శక్తి ఉన్నంతవరకు పాడాడు. అతడి శక్తి అయిదు నిమిషాలకే అయిపోయింది. ఆ తర్వాత ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి దాన్ని పాడుకుని తీసుకుపోయాడు. మా మరిది ఫోను బోర్లా పెట్టి, భార్యవంక తిరిగి, "నీ జాకెట్టు కొలత మారిందా?" అని అడిగాడు. ఆమె అతడి మెడలోని టేపు తీసి చేతికిచ్చింది.

కథ అంతటితో ముగియవలసింది. కాని పళ్ళ డాక్టరుకు ఆనందం ఆగలేదు. కుర్చీలో పడుకున్న ప్రతి రోగికీ, నోరు తెరిపించి, కర్టెను అంచులో దొరికిన నిధి గురించి చెప్పాడు. నోరు తెరిచి ఉన్నవాళ్ళు మధ్యలో అడ్డుపడరు గనక కథ సాంతం విన్నారు. వారం తిరగకముందే వీధి మొత్తం కత్తెరలు పట్టుకుంది. మా మరిది కుట్టిన కర్టెన్లన్నిటి మూలలూ విప్పేశారు. కొందరికి తెరచాప ఉన్న మామూలు ఓడలు దొరికాయి, చాలామందికి ఇనప వాషర్లు దొరికాయి. ఒకాయన ఏది ఎవరి కుట్టో తెలియక వేరే దర్జీ కుట్టిన కర్టెన్లు కూడా చింపుకున్నాడు. ఏ కిటికీ చూసినా అంచులు ఊడి, తలుపులు తీయగానే కర్టెన్లు మనిషి మొహం మీదికి వచ్చేవి. వాటన్నిటినీ మళ్ళీ కుట్టవలసినవాడు ఒక్కడే.

అందరికంటే చివర పళ్ళ డాక్టరు తన మూడో కర్టెను చంకలో పెట్టుకుని కొట్టుకు వచ్చాడు.

"దర్జీగారూ, ఈసారి ఇందులో ఏం పెడుతున్నారు?"

"వాషర్లే డాక్టరుగారూ. ముత్తాతలను పెట్టడం మానేశాను."

నా పుస్తకాల గదిలో కిటికీకి కూడా అతడు ఆ కొత్తలో కుట్టిచ్చిన కర్టెనుంది. వీధిలో అందరి కర్టెన్లనూ విప్పి కుట్టినవాడు నా కర్టెను జోలికి మాత్రం రాలేదు. వచ్చినప్పుడల్లా కిటికీ పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. మాటల మధ్య బొటనవేలు కర్టెను మూలమీద తిరుగుతూ ఉండేది. విప్పమని అడగడు. అడిగితే, వీధివాళ్ళకూ తనకూ తేడా ఏముంటుందని కాబోలు.

ఒక మధ్యాహ్నం నేనే కత్తెర తీశాను. దొరికితే ఆ ఇరవై మూడో జేబులో చెప్పకుండా వేసి బొత్తాం పెడదామని నా ఆశ. రెండు మూలలూ విప్పాను. చూశాను. ఉన్నవి ఉన్నట్టే పెట్టి తిరిగి కుట్టేశాను. ఒకప్పుడు బడిలో కుట్లు, అల్లికల తరగతి కూడా తీసుకున్నదాన్ని. నా కుట్టు చక్కగానే వచ్చిందనుకున్నాను.

తరువాతి ఆదివారం అతడు వచ్చి ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చున్నాడు. బొటనవేలు మూలమీదికి వెళ్ళింది, ఆగింది. కర్టెను అంచు పైకెత్తి, కళ్ళజోడు సరిచేసుకుని, చాలాసేపు చూశాడు.

"వదినా, ఈ మూల కొంచెం వదులైంది. సూదీ దారం ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. నా కుట్లను ఒక్కొక్కటిగా ఊడదీశాడు. మడత తెరుచుకుంది. అతడు లోపలికి తొంగి కూడా చూడలేదు, వేలు పెట్టి తడమనూ లేదు. మడతను సమంగా నొక్కిపట్టి, సన్నగా, వరుసగా కుట్టుకుంటూ వచ్చి, చివర దారాన్ని ఇంటూ గుర్తులా రెండుసార్లు దాటించాడు. రెండో మూలకు జరిగి, తల ఎత్తకుండానే అడిగాడు:

"ఓడలకి తెరచాపలు ఉన్నాయా వదినా?"

"ఉన్నాయయ్యా. రెండింటికీ నిండుగా ఉన్నాయి."

ఆ మూలా కుట్టి, దారం పంటితో తెంపాడు. ఆ వైపు పన్ను లేదని గుర్తొచ్చి, ఇవతలి వైపుకు మార్చి మళ్ళీ తెంపాడు. కర్టెనును ఒకసారి దులిపి వదిలాడు. అది నిటారుగా వచ్చి నిలబడింది.

"బాగానే వేలాడుతోంది కదా," అన్నాడు.

"చాలా బాగుందయ్యా," అన్నాను. "టీ పెడతాను, కూర్చో."