సున్నుండల రీలు

మొన్న ఆదివారం టీవీలో ఆ పాత కాలేజీ కామెడీ మళ్ళీ వేశారు. ప్రిన్సిపాల్ గారింట్లో పెళ్ళిచూపులకని చేసిన సున్నుండలన్నీ హాస్టల్ కుర్రాళ్ళు తినేసి ఆయన మంచం కిందే దూరే చోట మా మనవలు దొర్లి దొర్లి నవ్వారు, వాళ్ళతో పాటు మా అక్కా నవ్వింది. బావా నేనూ మాత్రం నవ్వలేదు. "ఏరా, మీ బావాబామ్మర్దులిద్దరికీ నవ్వడమే రాదా ఏంటి?" అని అక్క విసుక్కుంది.

తొంభైల నాటి మాట. పెనుగొండ దగ్గర మా ఊరి హాల్లో నేను ప్రొజెక్టర్ ఆపరేటర్ని. కొత్త సినిమా వస్తే పక్క ఊరి హాలుకూ మాకూ కలిపి ఒక్కటే ప్రింటు. అక్కడ ఆట ముందు మొదలయ్యేది, ఆడేసిన రీళ్ళను పెట్టెలో సర్దుకుని మా బావ మోపెడ్ మీద కాలవ గట్టున ఆఘమేఘాల మీద తెచ్చిచ్చేవాడు. పెట్టె ఆలస్యమైతే కుర్చీలు విరిగేవి. ఆ సంగతి మీకు నేను చెప్పాలా, విరగ్గొట్టినవాళ్ళలో మీరూ ఉండే ఉంటారు!

ఆ మధ్యాహ్నం తుఫాను వాన, అయినా హాలు కిటకిటలాడుతోంది. బాల్కనీలో అక్క, ఒళ్ళో పసిపిల్ల. ఇంటర్వెల్ తర్వాత నా దగ్గర మిగిలింది సున్నుండల రీలు ఒక్కటే, తర్వాతవి బావ తేవాలి. అది అయిపోవస్తుండగా సోడాలమ్మే ఆయన మెట్లెక్కి వచ్చి, "గట్టు కోసుకుపోయిందంటండీ, ఎవరిదో మోపెడ్ కాలవలో పడిందంట" అన్నాడు. పరిగెత్తుకెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది, కానీ నేను కదిలితే ఆట ఆగుతుంది, ఆట ఆగితే అక్క పైకొచ్చి మీ బావేడిరా అని అడుగుతుంది. ఏం తోచక ఆ రీలునే గబగబా వెనక్కి చుట్టి, కింద ఈలలు మోగుతుంటే, మళ్ళీ ఎక్కించాను.

సున్నుండల పళ్ళెం కనబడగానే గొడవ కాస్తా చప్పట్లయింది. మాటలు ముందే అందిస్తూ, మొదటిసారి కన్నా ఎక్కువ నవ్వారు. ఆ సినిమా మహిమే అది, ఎన్నిసార్లు చూసినా పాతబడదు. నేను మాత్రం గోడకున్న కంతలోంచి, పిల్లను గుండెకు అదుముకుని ఊగిపోతూ నవ్వుతున్న అక్కనే చూస్తున్నాను. ఆ నవ్వు ఆగేలోపు బావ రావాలి దేవుడా అని మొక్కుకున్నాను. చెవులు రెండూ మెట్ల మీదే ఉన్నాయి.

రీలు చివరికొచ్చేసరికి అడుగుల చప్పుడు వినబడింది. నడుం దాకా బురద, నెత్తిన పెట్టె, కాళ్ళకు చెప్పుల్లేవు. బండి పోయింది, పెట్టె తడవలేదు, మీ అక్కకు చెప్పకు అని మాత్రమే చెప్పి బావ గోడ వారన కూలబడ్డాడు. మర్నాడు బండిని తాళ్ళతో పైకి లాగించి, రిపేరుకిచ్చామని అక్కకు చెప్పాం. ఈనాటికీ ఆవిడకు తెలిసింది అంతే.

ఇప్పుడు సినిమా ఎవరూ మోసుకురాకుండానే నట్టింట్లోకి వచ్చేస్తోంది. మంచిదే, ఎవరూ వానలో ప్రాణాలకు తెగించనక్కర్లేదు. అయితే ఒక పెట్టె కోసం ఊరంతా ఒక్కచోట ఊపిరి బిగబట్టి కూర్చోవడం కూడా పోయింది. ఆ సున్నుండల సీను వచ్చినప్పుడు ఇంట్లో అందరూ టీవీ వైపు చూస్తారు. నేను మాత్రం పక్కకు తిరిగి, బావ ఉన్నాడా అని చూసుకుంటాను.