తడి దూది

పెళ్లిచూపుల్లో నా మొహం తడి రుమాలుతో తుడిచిన ఆవిడను నేను మరిచిపోలేదు. మరిచిపోవాలని ప్రయత్నించనూ లేదు.

అప్పట్లో నా బుగ్గల నిండా మొటిమల మచ్చలు. అందుకే మా అమ్మ పౌడర్ కాస్త దట్టంగా రాసింది. కొవ్వూరులో మా ముందుగదిలో కూర్చున్న పెళ్లికొడుకు తల్లి నన్ను దగ్గరికి పిలిచింది. మేమిచ్చిన మంచినీళ్ల గ్లాసులోనే రుమాలు కొస ముంచి నా చెంప మీద గట్టిగా రుద్దింది. ఆ రుమాలు తన వెంట వచ్చినవాళ్లందరికీ చూపిస్తూ, "డబ్బా అంతా ఇక్కడే ఉందండీ!" అంది. అందరూ నవ్వారు. కాజాల పళ్లెం పట్టుకుని నిలబడ్డ మా నాన్న, "ఏమీ అనుకోకండమ్మా" అన్నారు. మొహం తుడిచి నవ్వింది ఆవిడైతే, బతిమాలింది మా నాన్న. మచ్చల సంగతి సరే, నాన్న అన్న ఆ మాట మాత్రం నా కడుపులో నిప్పులా ఉండిపోయింది.

ఆ సంబంధం ఎలాగూ తప్పిపోయింది. కొన్నేళ్లకు నేను రాజమండ్రిలో ఒక చర్మం డాక్టరు గారి దగ్గర పనిలో చేరాను. రోజూ బస్సులో వంతెన దాటి వెళ్లేదాన్ని. లేజర్ అంటే కళ్లకు చేసేదే అని జనం అనుకునే రోజులవి. మా డాక్టరు గారు మచ్చలకీ మంగుకీ ముడతలకీ ఆ మెషిన్ తెప్పించారు. ఆయన గదిలోకి వచ్చేలోపు పేషెంటు మొహం శుభ్రంగా తుడిచి, కళ్లకు నల్ల అద్దాలు పెట్టడం నా పని. క్రీమో పౌడరో రవ్వంత మిగిలినా అక్కడ చర్మం కాలుతుందని ఆయన పదే పదే హెచ్చరించేవారు.

ఒక వేసవిలో ఆవిడ వచ్చింది. గొంతు వినగానే పోల్చుకున్నాను. బల్ల మీద పడుకుంటూ, "మా కోడలు బయట కూర్చుందమ్మా. నా మొహం తుడిచాక దాన్ని లోపలికి రానివ్వకు. మంగు చూసిందంటే ఊరంతా చాటేస్తుంది" అంది. నా మొహంలోకి చూస్తూనే చెప్పింది, కానీ గుర్తుపట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఇన్నేళ్లూ మోసింది ఆవిడకు గుర్తుంచుకునేపాటి విషయం కూడా కాదన్నమాట!

తడి దూదితో నిదానంగా తుడిచాను. తెల్లటి పూత కింద నుంచి రెండు బుగ్గల మీదా గోధుమరంగు మంగు బయటపడింది. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత మహదేవా అనుకున్నాను. జాలి కలగలేదు. హాయిగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

తలుపు తీసి కోడలిని పిలిచాను. ఆ అమ్మాయి కంగారుగా లోపలికి వచ్చింది. దూది ఆమె కళ్ల ముందు పెట్టి, "డబ్బా అంతా ఇక్కడే ఉందండీ!" అన్నాను.

ఆ అమ్మాయి ఒక్క క్షణం తెల్లబోయింది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. "నా పెళ్లిచూపుల్లోనూ ఇదే మాటండీ, అత్తయ్యగారిది" అంది.

ఆవిడ దిగ్గున లేచి కూర్చుంది. అప్పుడు చూసింది నన్ను, సరిగ్గా. "నువ్వు... కొవ్వూరు..."

"అవునండి, కొవ్వూరే" అంటూ నల్ల అద్దాలు ఆవిడ చేతికిచ్చాను. "ఏమీ అనుకోకండమ్మా."