పాలు పొంగని కొత్త ఇల్లు

మొన్న ఫ్లైటు ఆలస్యమని మెసేజ్ వస్తే, తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగి కారు కాస్త మంఖాల్ ఊరి వైపు తిప్పమన్నాను. రోడ్డు పక్కన బూడిదరంగు ఇటుకల ఇళ్లు వరసగా కనిపించాయి. సున్నమైనా వేయని ఆ గోడలను చూసి డ్రైవరు, "గోడౌన్లా మేడం?" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. వాటిలో మొదటిదాని కోసం మేము పడిన తిప్పలు అతనికేం తెలుసు?

అప్పటికి శంషాబాదు విమానాశ్రయం తెరిచి ఎంతో కాలం కాలేదు. నేను హైదరాబాదులో ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పేదాన్ని. ఎండాకాలంలో చల్లగా ఉండే చవక ఇల్లు ఒకటి కట్టి చూద్దామని మా కాలేజీ, ఒక ఇటుకల కంపెనీ, ఆ ఊరి మహిళా సంఘం కలిశాయి. ఇల్లు గీసేవాళ్లం, వేడి కొలిచేవాళ్లు, ఇటుకలు చేసేవాళ్లు, ఊళ్లో ఉండేవాళ్లు, అందరం ఒకే చాప మీద కూర్చుని ఎవరి భాషలో వాళ్లం వాదించుకునేవాళ్లం. మధ్యలో నెత్తిమీదుగా విమానం వెళ్తే అందరం ఒకేసారి నోరు మూసుకునేవాళ్లం. మా మధ్య పూర్తి ఏకాభిప్రాయం కుదిరేది ఆ కాసేపే. ఆ ఇంటికి సంఘం ఎంచుకున్నది ఒక రైతు ఇల్లాలిని. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్లది రేకుల ఇల్లు. అంతకుముందు ఎండాకాలం ఆమె అత్త అందులోనే వడదెబ్బకు గురై, చావు తప్పి బయటపడింది. ఈసారి ఎండలు ముదిరేలోపు ముసలామెను కొత్త ఇంట్లోకి చేర్చాలన్నదే అక్క ఆరాటం.

ఇల్లు పూర్తయింది. గోడలకు వేడి కొలిచే పరికరాలు బిగించి, తాళంచెవి అక్క చేతిలో పెట్టాం. అయినా ఆమె అందులోకి మారలేదు. రోజూ వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, రేకుల ఇంటికే వెళ్లిపోయేది. మనుషులు లేని ఇంట్లో కొలతలు తీసి ఏం లాభమని కంపెనీ ఇంజనీరు విసుక్కున్నాడు. ఇంకో వారం చూసి వేరే కుటుంబానికి ఇచ్చేద్దామన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. వెంటనే వెళ్లి చూస్తే ముసలామె నెత్తిన తడిగుడ్డ వేసుకుని వేపచెట్టు కింద కూర్చుని ఉంది.

"ఏమిటక్కా, ఇల్లు నచ్చలేదా?" అని అడిగాను.

"నచ్చకేంది చెల్లె! పొయ్యి ముట్టియ్యొద్దని మీరే అంటిరి. పాలు పొంగియ్యకుండ కొత్తింట్ల ఎట్ల పండుకుంటం?"

"మరి ఆ మాట చెప్పలేదేం?"

"చెప్తె మీ మిషిన్లు ఖరాబైతయంటరు. ఇల్లు వేరేటోళ్లకిస్తరేమోనని పరేషానైన."

కొలతలు చెడిపోతాయని కొన్నాళ్లు లోపల మంట పెట్టవద్దని షరతు పెట్టిన మాట నిజమే. గంటలకొద్దీ చర్చించి పెట్టుకున్న షరతు. కిరాయి ఫ్లాటు మారినా పాలు పొంగించనిదే సామాను దించని మాలో ఒక్కరికీ అది తట్టలేదు. సంఘం ఆడవాళ్లు కూడా పెద్ద చదువుల వ్యవహారమనుకుని ఊరుకున్నారు.

ఇంట్లో పాలు పొంగించడానికి ఇంజనీరు ససేమిరా అన్నాడు. "మీ సొంత ఫ్లాటులో ఏం చేశారు?" అని అడిగాను. మర్నాడు పొద్దున్నే శంషాబాదులో పాల ప్యాకెట్ కొని, తనే పట్టుకొచ్చాడు. అక్క దాన్ని చూసి, "ఇంట్ల బర్రె ఉండంగ ప్యాకెట్ పాలేంది సారూ!" అని నవ్వి, దాంతో మాకు చాయ్ పెట్టింది. బర్రె పాలు గిన్నె అంచులు దాటి పొంగాయి. పరికరాల్లో వేడి కొలతల గీత నిలువునా పైకి లేచింది. దాన్ని ఇంజనీరును తుడిచేయనివ్వలేదు నేను. ఇంట్లో మనుషులు చేరారనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి?

మధ్యాహ్నం ముసలామె గోడకు అరచెయ్యి ఆనించి, "సల్లగుంది బిడ్డా" అని, అక్కడే కొంగు పరుచుకుని నిద్రపోయింది. బయట ఎండ మండిపోతోంది. మేమంతా చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు చేయకుండా బయటికి నడిచాం. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ తర్వాత పక్కింటివాళ్లు అడిగారు, వాళ్ల పక్కవాళ్లు అడిగారు. కంపెనీ ఇటుకలు పంపుతూనే ఉంది.

ముసలామె ఇప్పుడు లేదు. కాలం అందరినీ తీసుకుపోయినట్టే ఆమెనూ తీసుకుపోయింది. కానీ అంతకుముందు కొన్ని ఎండాకాలాలు ఆమెను ఆ ఇంట్లో చల్లగా నిద్రపోనిచ్చింది.